తరిగొండ వెంగమాంబ

మదనపల్లె సీమలో, గుఱ్ఱంకొండ దుర్గమునకు అనతిదూరమున తరిగొండ యను పల్లె కలదు. పూర్వమొక ఇల్లాలు పెరుగు చిలుకుచుండగా కవ్వమునకు కుండలో రాయి యొకటి తగిలెననియు, ఆ శిలయందు నరసింహస్వామి వెలసియుండుట గ్రహించి ఊరివారు గుడి కట్టిరనియు అచ్చటి పెద్దలు చెప్పుదురు. తరి యనగా చిలుకుట. ఆ తరికుండయే క్రమముగా తరిగొండ యయ్యెనట. రాజధాని కాదు, విద్యాపీఠము కాదు, సంతకైనను పేరుపడిన యూరు కాదు. అట్టి పల్లె పేరు తెలుగునాట ఇంటింట తెలియుటకు కారణము అచ్చట పుట్టిన యొక బాలవితంతువు.

వెంగమాంబ 1730వ సంవత్సరమున జన్మించెను. తండ్రి కానాల కృష్ణయ్య, తల్లి మంగమాంబ. వారికి ఇలవేలుపు తిరుపతి వేంకటేశ్వరుడు. బిడ్డకు ఆ స్వామి పేరే పెట్టిరి. ఆ దినములు శాంతిదినములు కావు. గుఱ్ఱంకొండ దుర్గము కడప నవాబుల చేతినుండి మహారాష్ట్రుల చేతికిని, హైదరు అలీ చేతికిని మారుచు, తుదకు 1800లో దత్తమండలములతో పాటు ఆంగ్లేయుల వశమయ్యెను. దండు వచ్చినదనగా రైతు ధాన్యమును పాతరలో దాచుకొనుటయు, ఆడువారు బిడ్డలతో అడవిదారి పట్టుటయు అప్పటి బ్రతుకు. వెంగమాంబ యెనుబదియేడేండ్లు జీవించెను. ఆమె పుట్టిననాటి దొరతనము ఒకటి, కన్నుమూసిననాటి దొరతనము వేఱొకటి. అయినను ఆమెను బాధించినది దండులు కావు, నవాబులు కావు. ఇరుగుపొరుగులే.

చిన్ననాడే ఆ పిల్ల తోడి పిల్లలతో ఆడక గుడిలో కూర్చుండి తనలో తాను పాడుకొనుచుండెడిది. పిలిచిన పలుకక, కన్నులు మూసికొని గడియల కొలది కదలక యుండెడిది. ఊరివారు దానికి వెఱ్ఱి యని పేరు పెట్టిరట. ఆడపిల్లకు వెఱ్ఱి యను మాట పడినచో తలిదండ్రుల గుండె యెట్లుండునో చెప్పనక్కఱలేదు. కృష్ణయ్య సాధ్యమైనంత త్వరగా సంబంధము చూచి పెండ్లి చేసెను. పెండ్లి జరిగిన కొలది కాలమునకే వరుడు మరణించెను.

ఆ కాలమున బ్రాహ్మణ కుటుంబములయందు భర్త పోయిన స్త్రీకి ఏమి జరుగుచుండెనో నేటి చదువరులకు కొంత చెప్పవలసియున్నది. ఏలయన ఇప్పటి పిల్లలకది వినికిడి మాత్రమే. కుంకుమ తుడుతురు. గాజులు పగులగొట్టుదురు. తల గొరిగింతురు. రంగులేని ముతక చీర యొక్కటి, పూటకూడు, వంటింటి వెనుక చీకటి మూల, ఇవి జీవితాంతము. శుభకార్యమున ఆమె ముఖము కనబడరాదు. ప్రయాణమై బయలుదేరువాడు ఆమె ఎదురైన ఇంటికి మరలి కాళ్లు కడుగుకొని కూర్చుండును. ముప్పది యేండ్ల స్త్రీకి జరిగినను దుస్సహమైన ఈ శిక్షను, భర్త మోమైన సరిగా చూచి యెఱుగని పసిపిల్లలకును విధించిరి. విధించినవారు క్రూరులనుకొనరాదు, కన్నతండ్రియే కన్నీరు కార్చుచు మంగలిని పిలిపించుచుండెను. ఆచారమునకు గల బలమట్టిది.

వెంగమాంబ దీనికి ఒప్పుకొనలేదు. కుంకుమ తీయననెను, తల గొరిగించుకొననెను. ఆమె చెప్పిన కారణము సులభమైనది. తన భర్త వేంకటాచలము మీది స్వామి. ఆయనకు చావు లేదు. భర్త బ్రతికియున్న స్త్రీకి వైధవ్యమెక్కడిది? ఇందలి సూక్ష్మము గమనింపదగినది. ఆమె శాస్త్రము తప్పని వాదింపలేదు. భర్త గల స్త్రీకి కుంకుమ ఉండవలెనని శాస్త్రము చెప్పుచున్నది కదా, తానా శాస్త్రమునే పాటించుచున్నానని చెప్పెను. ఎదుటివారి తక్కెడలోనే ఎదుటివారిని తూచెను. పండితులకు జవాబు తోచలేదు. తోచనందుననే కోపము వచ్చియుండును.

కందుకూరి వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరమున మొదటి వితంతు వివాహము జరిపించినది 1881లో. అది వెంగమాంబ గతించిన అఱువదినాలుగేండ్లకు. అప్పటికి పాఠశాలలు వచ్చియుండెను, పత్రికలు వచ్చియుండెను, అండనిలిచిన విద్యార్థులును స్నేహితులును ఉండిరి. అంతటి పురుషునకే ఆ పని ప్రాణాంతకమయ్యెను. ఈ పల్లెటూరి పిల్లకు పత్రిక లేదు, సభ లేదు, చట్టము లేదు. దేవుడున్నాడను నమ్మకమొక్కటి యుండెను. ఆ నమ్మకమును ఆమె కన్నీరు తుడుచుకొనుటకు మాత్రమే కాక, కాలూనుకొని నిలుచుటకును వాడుకొనెను.

బలవంతముగా ఆమె తల గొరిగించిరనియు, స్నానము చేసి లేచునప్పటికి కురులు మరల వచ్చెననియు ఒక కథ కలదు. పుష్పగిరి పీఠాధిపతులు ఆ ప్రాంతమునకు విజయము చేసినపుడు ఊరిపెద్దలు ఆమెపై ఫిర్యాదు చేసిరనియు, స్వాములవారు ఆమెను పిలిపించి నమస్కరింపుమనగా, తాము పీఠము దిగినచో నమస్కరింతునని ఆమె పలికెననియు, వారు దిగగా ఆమె నమస్కారము సోకి ఆ ఆసనము భగ్గున మండెననియు మఱియొక కథ. ఇందలి మంటను నమ్మువారు నమ్ముదురు, నమ్మనివారు మానుదురు. మంట లేకున్నను కథకు లోటు లేదు. సీమకెల్ల గురువైన సన్న్యాసి యెదుట, ఊరంతయు చూచుచుండగా, దిక్కులేని యొక పిల్ల బెదరక నిలిచి మాటాడెనన్నదే అందలి సారము. ఊరివారు తరతరములుగా ఈ కథను చెప్పుకొనుచు వచ్చుటను బట్టి, ఆమెను బాధించిన యూరే తరువాత ఆమె పక్షము వహించినదని తెలియుచున్నది.

ఈ చీకటిలో ఆమెకు కనబడిన దీపము మదనపల్లెలోని రూపావతారము సుబ్రహ్మణ్య దేశికులు. ఆయన ఆమెను శిష్యురాలిగా అంగీకరించి యోగమార్గమును, వేదాంతమును ఉపదేశించెను. ఆ దినములలో ఆడుదానికి, అందును లోకులు వేలెత్తి చూపు ఆడుదానికి, విద్య చెప్పుట గురువునకును సాహసమే. వెంగమాంబ ఆ ఋణమును మఱవలేదు. తన గ్రంథములలో గురువును తలచుకొనెను.

తాను బడికి పోలేదనియు, ఓనమాలైన ఎవరును నేర్పలేదనియు, ఛందస్సు తెలియదనియు, తరిగొండ నరసింహుడు పలికించినది వ్రాసితిననియు ఆమె చెప్పుకొన్నది. ఆతుకూరి మొల్లయు తన రామాయణమున తనకు చదువు లేదనియే చెప్పుకొన్నది. కవులు వినయమునకు ఇట్లనుట కలదు. కాని మొల్ల విషయమునను వెంగమాంబ విషయమునను అది వట్టి వినయము కాదు. పురుషకవికి తాతముత్తాతల పాండిత్యము, సభలు, తాటాకు గ్రంథముల పెట్టెలు ఆస్తిగా వచ్చును. ఈ స్త్రీలకు అట్టివి లేవు. విని విని నేర్చిరి. గుడిలో పురాణము చెప్పుచుండగా స్తంభము చాటున కూర్చుండి విన్నదే వారి చదువు. అట్టి చదువుతో వెంగమాంబ తరిగొండలో నున్నప్పుడే నృసింహ శతకమును, శివనాటకమును, బాలకృష్ణ నాటకమును, రాజయోగామృతసారమను ద్విపద గ్రంథమును రచించెను.

ఇంట ఇమడలేక ఆమె ఊరి నరసింహస్వామి గుడిలో ఆంజనేయ విగ్రహము వెనుక కూర్చుండి ధ్యానము చేసికొనుచుండెను. అచ్చట ఎవరికిని అడ్డము కాదు. ఒకనాడు అర్చకుడు చూచి, దూషించి, ఆమెను వెలుపలికి నెట్టెనని చెప్పుదురు. ఇల్లు పోయినది, ఊరు పోయినది, తుదకు గుడి వెనుక జానెడు చోటును పోయినది. స్వామి గుడినుండి గెంటివేయబడిన మీదట స్వామిపై నమ్మకము సడలుట సహజము. ఆమెకు సడలలేదు. గుమ్మము మూసినది పూజారి గాని లోపలి దేవుడు కాదని ఆమె యెఱుగును. దేవునిని, దేవుని పేర మాటాడువారిని వేఱువేఱుగా చూడగలుగుట పండితులకును తఱచుగా సాధ్యపడని వివేకము.

ఆమె తిరుమలకు బయలుదేరెను.

ఇప్పుడు తిరుమలకు పోవుట యనగా బస్సెక్కుట. కొండపైకి మొదటి ఘాటురోడ్డు 1944లో పడినది. అంతకుమున్ను ఎంతటివారైనను మెట్లెక్కి గాని, డోలీలో గాని పోవలసినదే. వెంగమాంబ నాటికి కొండమీద ఊరనదగినంత ఊరు లేదు. చుట్టును అడవి, పులుల భయము, చలిజ్వరములు. గుడిని ఆశ్రయించిన అర్చకులు, పరిచారకులు, అన్నమాచార్యుల సంతతివారైన తాళ్ళపాకవారు, హాథీరాంజీ మఠపు బైరాగులు, వీరే నివాసులు. ఒంటరి స్త్రీకి అచ్చట ఎవరు చోటిత్తురు? ఇచ్చినవారు హాథీరాంజీ మఠపు మహంతులు. ఉత్తరదేశమునుండి వచ్చిన బైరాగులు వారు. ఆమె మాట వారికి, వారి మాట ఆమెకు సరిగా తెలిసియుండునో లేదో. తన కులమువారు, తన యూరివారు, తన భాషవారు ఇయ్యని నీడ వారిచ్చిరి.

తిరుమలలోను ఆమెకు సుఖము వెంటనే కలుగలేదు. వితంతువు కుంకుమతో తిరుగుచున్నదన్న మాట కొండ యెక్కి వచ్చియుండెను. స్వామికి హారతి ఇచ్చుటకు వీలులేదని ఆమెను అడ్డగించిరనియు, రథోత్సవమునాడు స్వామి రథము ఎందరు లాగినను కదలక నిలిచిపోగా ఆమెను పిలిపించి హారతి ఇప్పించిన పిమ్మటనే కదలెననియు భక్తులు చెప్పుకొందురు. పొరుగున నున్న యొక పూజారి ఆమె ధ్యానము చేసికొను తావున ఎంగిలి విస్తళ్లు విసరుచుండెడివాడట. ఈ రెండు కథలలో రథము కథయే జనులకు ప్రియము. విస్తళ్ల కథయందు మహిమ లేదు, విగ్రహము పలుకలేదు, పిడుగు పడలేదు. కాని మనుష్యుని ఓర్పును పరీక్షించునవి ఇట్టివే. పెద్ద ఆపదకు ధైర్యము తెచ్చుకొనవచ్చును. ప్రతిదినము వాకిట పడు ఎంగిలాకును ఊడ్చుకొని మరల జపమునకు కూర్చుండుట కష్టము.

ఓర్చినంత ఓర్చి ఆమె ఆ చోటు విడిచి తుంబురు కోనకు పోయెను. తుంబురు తీర్థము శేషాచలపు అడవులలో, గుడికి ఎడముగా, నిలువు గోడలవంటి రెండు కొండల నడుమ నున్నది. ఏటికొకమారు ఫాల్గుణ పౌర్ణమినాడు ముక్కోటి జరుగును. ఆనాడు యాత్రికులు గుంపులుగా, ఒకరికొకరు చేయూత ఇచ్చుకొనుచు, నీటిలో రాలపై నడచి పోవుదురు. తక్కిన దినములలో అది మృగములకును పక్షులకును విడిచిన చోటు. అచ్చట ఆమె ఆఱేండ్లు తపస్సు చేసెనని చెప్పుదురు. అంతవఱకు ఆమె యెదుర్కొన్నది మనుష్యుల నోటిని; కోనలో ఎదుర్కొనవలసినది ఒంటరితనమును. లోకులు నిందించుచున్నంత కాలము వారికి బదులు చెప్పవలెనను పట్టుదల యైనను మనస్సును నిలుపును. నిందించువారు లేరు, మెచ్చువారు లేరు, చూచువారే లేరు. అప్పుడును నిలిచినదే నమ్మకము. ఆమె తరువాత వ్రాసిన గ్రంథములలో తనను బాధించినవారిపై పగ కానరాకుండుటకు ఈ కోనవాసమే కారణమై యుండవచ్చును.

తరువాత ఆమె మరల కొండమీది వాడకు వచ్చెను. ఈమారు అడ్డగించినవారు లేరు. ఇంచుమించు ఇప్పటినుండియే ఆమె జీవితమున పంటకాలము. విష్ణుపారిజాతము, చెంచునాటకము, గోపీనాటకము, రుక్మిణీ నాటకము, జలక్రీడా విలాసము, ముక్తికాంతా విలాసము, రమాపరిణయము, ద్విపద భాగవతము, వాసిష్ఠ రామాయణము, తత్త్వకీర్తనలు, అన్నిటికిని మించి వేంకటాచల మాహాత్మ్యము. వీనిలో పెక్కు నాటకములు యక్షగానములు, అనగా వీథిలో ఆడదగినవి, పాడదగినవి. చదువురాని జనమునకు వేదాంతము చేరవలెనన్న వీథియే బడి యని ఆమె యెఱుగును. వాసిష్ఠమువంటి కఠినమైన శాస్త్రమును ద్విపదలో చెప్పుటయు ఇందులకే. ద్విపద రోకటిపాటవలె నోటికి వచ్చును.

వేంకటాచల మాహాత్మ్యము మాత్రము పద్యకావ్యము. స్వామి కొండకు వచ్చుట, పుట్టలో దాగియుండుట, వకుళమాలిక తల్లివలె సాకుట, పద్మావతీ పరిణయము, పెండ్లికై కుబేరునివద్ద అప్పు చేయుట, ఈ కథలన్నియు సంస్కృత పురాణములలో చెదరియుండెను. వానిని ఏర్చి కూర్చి తెలుగువారికి ఒక్కచోట ఇచ్చినవారిలో వెంగమాంబ ముఖ్యురాలు. శనివారము ఇండ్లలో పురాణము చదివించుకొనువారికి ఆ గ్రంథము చిరపరిచితము. అందు కల్యాణఘట్టము చదువునపుడు ఒక సంగతి మనస్సునకు తట్టక మానదు. అప్పడములు, వడియములు, తలంబ్రాలు, పేరంటములు, ఆ శుభకార్యమున ముందు నడువు ముత్తైదువలు. వీని నడుమ కాలు పెట్టరాదని లోకము శాసించిన స్త్రీయే ఆ పెండ్లిని వ్రాయుచున్నది.

ఇంకొక విశేషము. తిరుమలలో వ్రాసిన కృతులలోను ఆమె తరికుండ నరసింహుని పేరు విడువలేదు. తరిగొండ నరసింహుడును తిరుమల వేంకటేశ్వరుడును ఒక్కడే యని సంబోధించుచు వచ్చెను. గెంటివేసిన యూరి పేరును ప్రతి గ్రంథమునందును దేవుని పేరుతో జతచేసి నిలిపెను.

వ్రాత ఒకవైపు, అన్నము ఒకవైపు. ఆ దినములలో కొండ యెక్కి వచ్చిన యాత్రికునకు దొరకునది స్వామి దర్శనము. కూడు దొరకుట అరుదు. మూటకట్టుకొని వచ్చిన అటుకులు, సద్ది దారిలోనే యైపోవును. వెంగమాంబ నృసింహ జయంతికి, అనగా వైశాఖ శుద్ధ చతుర్దశికి, అన్నదానము ఆరంభించెను. ఆమెకు ఆస్తి లేదు. ఆమె మాటకు విలువ నిచ్చి జమీందారులును, ధనికులును, సామాన్య గృహస్థులును భూములకును వార్షికములకును దానపత్రములు వ్రాసియిచ్చిరి. పూటకూటితో చీకటిమూలన బ్రతుకవలసిన స్త్రీ పేర సత్రము వెలసెను. దాని లెక్కలు, దాని వంటవారు, దాని కట్టెలు, దాని బియ్యము, వీనినన్నిటిని చూచుకొనుట చిన్న పని కాదు. కన్నులు మూసికొని కూర్చుండు యోగిని యనిన లోకవ్యవహారము తెలియనిదని తలచువారు ఈ సత్రమును తలచుకొనవలెను.

1801లో కర్ణాటక నవాబు రాజ్యముతో పాటు తిరుమల దేవస్థానపు రాబడియు ఇంగ్లీషు కుంపిణీ చేతిలోనికి పోయెను. 1843లో కుంపిణీ ఆ దేవస్థానమును హాథీరాంజీ మఠపు మహంతుల పాలనకు అప్పగించెను. ఆమెకు నీడ ఇచ్చిన మఠమే అది. 1933లో దేవస్థానమునకు ప్రత్యేకమైన శాసనమై కమిటీ పాలన వచ్చెను. దొరలు మారిరి, పాలకులు మారిరి. రాత్రి గుడి మూయుటకు మునుపు జరుగు ఏకాంతసేవలో తాళ్ళపాకవారి లాలిపాటయు, వెంగమాంబ పేర ముత్యాల హారతియు మాత్రము మారలేదు. హారతి ఇయ్యరాదని అడ్డగింపబడిన చేతి హారతితోనే స్వామికి నేటికిని దినము ముగియుచున్నది. దేవస్థానము 1985లో నిత్యాన్నదానము ప్రారంభించెను. 2011లో తెఱచిన అన్నప్రసాద భవనమునకు మాతృశ్రీ తరిగొండ వెంగమాంబ యని పేరు పెట్టిరి. ప్రతిదినము వేలకొలది జనులు, కులమడుగక, ఊరడుగక, అచ్చట పంక్తిని కూర్చుండి భుజించుచున్నారు.

వెంగమాంబ 1817లో సిద్ధి పొందెను. ఆమె సమాధి తిరుమలలోనే యున్నది. ఇప్పుడు దానిచుట్టును ఉన్నదొక ఉన్నత పాఠశాల ఆవరణము. బడిగంట కొట్టగానే పిల్లలు, ఆడపిల్లలును మగపిల్లలును, పుస్తకములు చంకనబెట్టుకొని ఆ బృందావనము ప్రక్కనుండియే తరగతులకు పోవుచుందురు.